ఇసుక దంచేది మనం, లెక్క వేసేది వాళ్ళా?

తమ్ముడూ, చెల్లీ,

ఈ ఏడాది ఇంజనీరింగ్‌లోనో, పాలిటెక్నిక్‌లోనో, ఐటీఐలోనో చేరిన మీ కోసం ఇది రాస్తున్నా. ముఖ్యంగా మన తండాల నుంచి, ఎరుకల కాలనీల నుంచి, చెంచు గూడేల నుంచి వచ్చి, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్ళ కోసం. ఫీజు రీయింబర్స్‌మెంట్ గురించి, హాస్టల్ అన్నం గురించి మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈసారి ఎవరూ పట్టించుకోని ఒక సంగతి చెప్తా. మీ టైంటేబుల్‌లో వారానికి ఒకపూట 'వర్క్‌షాప్' అని ఉంటుంది. ఆ షెడ్డులో ఒక మూల ఇసుక కుప్ప, చెక్క పెట్టెలు ఉంటాయి. దాన్ని 'ఫౌండ్రీ' అంటారు. పోత పోసే చోటు. నేను మాట్లాడేది ఆ మూల గురించే.

మీ సీనియర్లు ఇప్పటికే చెప్పుంటారు, "ఏం లేదురా, మూడు గంటలు ఇసుకలో ఆడుకోవడం, రికార్డు రాసి సంతకం పెట్టించుకోవడం" అని. నాకూ అదే చెప్పినారు. నేనూ నమ్మినా. అది తప్పని తెలియడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

మన అనంతపురానికి ఇంజనీరింగ్ చదువు కొత్త కాదు. 1946లో మద్రాసు గిండీలో మొదలై 1948లో ఇక్కడికి వచ్చిన కాలేజీయే ఇప్పటి జేఎన్‌టీయూ అనంతపురం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగ్గా పడని ఈ నేల మీద ఇంజనీర్లు తయారవడం మొదలై 75 ఏళ్ళు దాటింది. నేను చదివింది ఆ కాలేజీ కాదు, వేరేది. పేరు చెప్పను. ఎందుకంటే నేను చెప్పబోయేది ఒక కాలేజీకే పరిమితమైన సంగతి కాదు.

మేం ఎరుకలవాళ్ళం. మా అమ్మ గంపలు, చేటలు అల్లుతుంది. నాయన వాటిని సైకిల్ మీద ఊరూరా తిప్పి అమ్మేవాడు. మొదటి సంవత్సరం, ఫౌండ్రీలో మొదటి రోజు. పది మంది బ్యాచ్. నేర్పించే ఆయన ఒక్కొక్కరినీ ఊరూ పేరూ అడిగినాడు. నా వంతు వచ్చింది.

"మీ నాయన ఏం చేస్తాడు?"

"గంపల యాపారం సార్. ఇంట్లోనే అల్లుతాం."

"అయితే నీకు చేతిపని అలవాటే. నువ్వు ఇసుక దంచు."

పక్కనున్న టౌను పిల్లోడి చేతికి వెర్నియర్ ఇచ్చి కొలతలు తీయమన్నాడు. ఇద్దరు ఆడపిల్లలుంటే, "మీరు బొమ్మలు గీసి రికార్డు రాసుకోండమ్మా, చేతులు పాడు చేసుకోవద్దు" అన్నాడు. ఆయన తిట్టలేదు, కసరలేదు. నవ్వుతూనే చెప్పినాడు. అందుకే అప్పుడు నాకు కోపం కూడా రాలేదు. దిమ్మిస తీసుకుని దంచినా. ఆ ఒక్క వాక్యంలో ఎవరు లెక్క వెయ్యాలో, ఎవరు దంచాలో, ఎవరు చూస్తూ కూర్చోవాలో పంపకం అయిపోయింది. అది నాకు తర్వాత అర్థమైంది.

ఇంకొకటి కూడా జరిగింది. అచ్చు తయారైంది. సార్ వచ్చి చూసి, మార్కులు వేసి, "పగలగొట్టేయండి" అన్నాడు. పగలగొట్టేసినాం. అందులో లోహం పొయ్యనే లేదు. కరిగించే పొయ్యి మూలన బూజు పట్టి ఉంది. బోరు వేసి, మోటరు దించకుండానే మూత పెట్టినట్టు. చాలా కాలేజీల్లో ఇదే కథ అని తర్వాత వేరేచోట చదివిన మనవాళ్ళని అడిగితే తెలిసింది.

మరి అసలు ఆ మూలలో నేర్చుకోవాల్సింది ఏముంది? మూడో సంవత్సరంలో మా నలుగురికి ప్రాజెక్టు పని పడినప్పుడు తెలిసింది.

మా ఊర్లో చెనక్కాయలు ఒలిచే మిషన్ ఒకటుంది. దాని పుల్లీ పగిలింది. కొత్తది కొనకుండా మనమే పోత పోద్దాం అనుకున్నాం. పుల్లీ బయటి కొలత 150 మిల్లీమీటర్లు. పాత పిస్టన్ల అల్యూమినియం తుక్కు దొరికింది. టౌన్‌లో ఒక చిన్న ఫౌండ్రీలో చెక్క ప్యాటర్న్‌లు చేసే పెద్దాయన ఒకాయన, సాయంత్రాలు రమ్మన్నాడు.

ప్యాటర్న్ అంటే తెలియనివాళ్ళకి ఒక మాట. పోత పొయ్యాలంటే ముందు ఆ వస్తువు ఆకారంలో చెక్కతో ఒక నమూనా చెయ్యాలి. దాన్ని పెట్టెలో పెట్టి చుట్టూ ఇసుక దంచి, మెల్లగా పైకి తీస్తే, ఇసుకలో ఆ ఆకారంలో ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. కాబట్టి చెక్కలో తప్పుంటే లోహంలోనూ అదే తప్పు వస్తుంది. ఫౌండ్రీలో ఇసుక దంచేవాడికి ఒక కూలి, ప్యాటర్న్ చేసేవాడికి ఇంకో కూలి ఉండేది అందుకే.

మేం మొదటి ప్యాటర్న్‌ని సరిగ్గా 150 మిల్లీమీటర్లకు చేసినాం. పోత చల్లారినాక కొలిస్తే 148 వచ్చింది. లేత్ మీద చెక్కి నునుపు చేద్దామంటే మిగులు లేదు. పెద్దాయన నవ్వినాడు. "లోహం చల్లారితే ముడుచుకుంటాది నాయనా, ఎండాకాలం చెరువు మాదిరి. ఎంత ముడుచుకుంటాదో ముందే లెక్కేసి చెక్కను పెద్దది చెయ్యాల" అన్నాడు.

ఆ లెక్క ఇది. అల్యూమినియం మీటరుకు సుమారు 13 మిల్లీమీటర్లు ముడుచుకుంటుంది. పోత ఇనుము అయితే సుమారు 10, ఉక్కు అయితే 20కి పైనే. దాని మీద లేత్‌లో చెక్కడానికి ఒక్కో వైపు 3 మిల్లీమీటర్లు వదలాలి. అంటే 150కి 6 కలిపితే 156, దానికి ముడుచుకునే పాలు 2 కలిపితే 158. మా ప్యాటర్న్ ఉండాల్సింది 158. ప్యాటర్న్ చేసేవాళ్ళ దగ్గర ఈ పెరుగుదలను గీతల్లోనే కలిపేసిన స్కేలు ఒకటి ఉంటుంది. మామూలు స్కేలు పక్కన పెడితే అది కొంచెం పొడుగ్గా కనిపిస్తుంది. ఆ స్కేలు చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. దంచమన్నప్పుడు నా చేతికి ఇవ్వనిది ఈ లెక్కే.

రెండోసారి కొలత సరిపోయింది. కానీ చెక్కను ఇసుకలోంచి తీస్తుంటే అంచులు రాలిపోయినాయి. ఎన్నిసార్లు తీసినా అంతే. ఆ ఆదివారం ఇంటికి పోయి అమ్మతో చెప్తే, అమ్మ అల్లుతున్న గంపను నా ముందుకు తోసింది. "గంప అడుగు సన్నం, నోరు వెడల్పు. ఎందుకనుకుంటివి? ఒకదాంట్లో ఒకటి పెడితే మళ్ళా రావాల గదా. నిలువుగా కడితే ఇరుక్కుంటాది" అనింది. పుస్తకంలో దాన్నే 'డ్రాఫ్ట్' అంటారు. ప్యాటర్న్ నిలువు గోడలకు ఒకటి రెండు డిగ్రీల వాలు ఇవ్వాలి, అప్పుడే ఇసుక చెదరకుండా బయటికి వస్తుంది. ఆ పేజీ నేను పరీక్షకు బట్టీ పట్టి రాసి మార్కులు తెచ్చుకున్నా. చెక్క మీద మాత్రం పెట్టలేకపోయినా. మా అమ్మ ఆ పేజీ చదవలేదు, కానీ వాలు ఎందుకో ఆమెకు తెలుసు.

మూడోసారి పోత నిండా బొక్కలు, అట్టు మాదిరి. ఇసుకలో నీళ్ళు ఎక్కువైనాయి. పోత ఇసుకను 'గ్రీన్ శాండ్' అంటారు. పచ్చ రంగు అని కాదు, పచ్చి ఇసుక అని. ఇసుకకు బెంటొనైట్ బంకమట్టి కలిపి, వందకు మూడు నుంచి ఐదు పాళ్ళు నీళ్ళు చల్లాలి. తక్కువైతే రాలిపోతుంది. ఎక్కువైతే 700 డిగ్రీలు దాటిన లోహం తగలగానే ఆవిరి పుట్టి పోత చెడుతుంది, ఒక్కోసారి లోహం ఎగిరి మీద పడుతుంది. పిడికిట్లో పిసికి, ముద్దను విరిచి, విరిగిన అంచు నిలబడుతుందా లేదా అని చూసుకోవాలి. నీళ్ళు చుక్క లెక్కన వాడటం మన అనంతపురం వాళ్ళకి ఒకరు నేర్పాలా!

నాలుగోసారి పుల్లీ వచ్చింది. ఇప్పుడు మిషన్ దాంతోనే తిరుగుతోంది.

ఇప్పుడు నా అసలు మాటకు వస్తా. మన పిల్లలకు ఈ మూల అంటే రెండు రకాల భయం ఉంది. ఒకటి బయటివాళ్ళు పెట్టింది, నాకు జరిగినట్టు, "మీకు చేతిపని అలవాటే కదా" అని. రెండోది మన ఇంట్లోదే. ఇసుక చేతులతో నేను ఫోటో పంపితే నాయన ఫోన్ చేసి, "కూలి పని చేసేదానికి ఇంజనీరింగ్ ఎందుకు రా?" అన్నాడు. ఆయన గొంతు నాకు ఇంకా గుర్తుంది.

నాయన అట్లా అనడానికి కారణం ఉంది. 1871లో తెల్లదొరలు 'నేరస్థ తెగల చట్టం' తెచ్చినారు. 1911 తర్వాత అది మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చి మన ఎరుకలవాళ్ళ మెడకు చుట్టుకుంది. స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టి, హాజరు వేసి, "పని నేర్పించి బాగు చేస్తాం" అన్నారు. పుట్టుకతో నేరస్థులన్న ఆ ముద్రను స్వతంత్ర దేశం చట్టం నుంచి తీసేసింది 1952 ఆగస్టు 31న. అంటే చేతిపని మనకు చదువుగా రాలేదు, శిక్షగా వచ్చింది. చదువు అంటే ఆ పని నుంచి తప్పించుకోవడం అని మన పెద్దలు అనుకోవడంలో తప్పు లేదు.

కానీ తప్పించుకుంటూ పోతే ఎవరికి లాభం? పని ఎక్కడికీ పోలేదు. దాని లెక్క మాత్రం వేరేవాళ్ళ చేతిలో ఉండిపోయింది.

ఇది మన ఎరుకల కథ ఒక్కటే కాదు. పోత పొయ్యడం ఈ దేశంలో ఆదివాసుల చేతిలో ఎంత పాతదో చూడండి. ఇప్పటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలం ఉషేగావ్‌లో ఓజాలు ఉన్నారు. తరతరాలుగా గోండులకు దేవతామూర్తులు, గంటలు పోసి ఇస్తున్నది వాళ్ళే. మట్టితో లోపలి దిమ్మ చేసి, దాని మీద తేనెమైనం తీగలు చుట్టి, నగిషీ పెట్టి, పైన పుట్టమన్ను మెత్తి కాలుస్తారు. మైనం కరిగి పోతుంది, ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. మొహెంజొదారోలో 1926లో దొరికిన నాట్యగత్తె బొమ్మ పోసింది కూడా ఈ పద్ధతిలోనే. ఆ బొమ్మ వయసు నాలుగు వేల ఏళ్ళకు పైనే. ఈ రోజు విమానం ఇంజన్‌లో తిరిగే టర్బైన్ బ్లేడ్లు పోస్తున్నది కూడా ఇదే సూత్రంతో. మట్టి బదులు సెరామిక్ పూత, అంతే తేడా.

మీ పాఠ్యపుస్తకం తీసి 'ఇన్వెస్ట్‌మెంట్ కాస్టింగ్' అనే పేరా చదవండి. ఓజాల పేరు ఉందేమో చూడండి. నా పుస్తకంలో లేదు. 'ఆదిలాబాద్ డోక్రా'కు 2018లో జీఐ గుర్తింపు వచ్చింది, సంతోషం. కానీ వాళ్ళు చేస్తే 'హస్తకళ', ఫ్యాక్టరీలో చేస్తే 'టెక్నాలజీ'. ఒకరికి ఎగ్జిబిషన్‌లో స్టాలు, ఇంకొకరికి నెల జీతం. సూత్రం ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో మీరే ఆలోచించండి.

జార్ఖండ్ చూడండి. అక్కడి అసుర్ తెగవాళ్ళు సొంత కొలుముల్లో ఇనుప రాయి కరిగించినవాళ్ళు. మధ్య భారతంలో అగారియాలూ అంతే, వాళ్ళ మీద వెరియర్ ఎల్విన్ 1942లో ఒక పెద్ద పుస్తకమే రాసినాడు. అట్లాంటి నేల మీద, రాంచీ దగ్గర హటియాలో, 1958లో ఏర్పడ్డ హెవీ ఇంజనీరింగ్ కార్పొరేషన్ కోసం ఆదివాసీ పల్లెలు భూములు వదులుకున్నాయి. అందులో పెద్ద ఫౌండ్రీ, ఫోర్జ్ ప్లాంటు వచ్చింది. 1966లో అదే రాంచీలో దేశానికంతా పోత, ఫోర్జింగ్ చదువు చెప్పే జాతీయ సంస్థ పెట్టినారు. దాని పేరు ఇప్పుడు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ మాన్యుఫాక్చరింగ్ టెక్నాలజీ. ఖనిజం మన నేలది, కొలిమి మన పెద్దలది, భూమి మనది. ఆ సంస్థలో సీట్లకు మనలో ఎంతమంది అప్లై చేసినాం? మనకు అట్లాంటిది ఒకటి ఉందనే తెలియదు.

మన పక్కకే రండి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ 2019 నుంచి కార్లు తయారు చేస్తోంది. ఏ కారైనా సరే, ఇంజన్ బ్లాకు, సిలిండర్ హెడ్, గేర్‌బాక్స్ తొడుగు, అన్నీ పోత పోసినవే. అదే 2019లో మన అసెంబ్లీ, పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని చట్టం చేసింది. ఆ చట్టం కోసం కొట్లాడాలి, కాదనను. కానీ చట్టం గేటు దాకా తీసుకుపోతుంది. గేటు లోపల ఒక పోత చెడిపోతే, అది ఇసుక వల్లనా, కొలత వల్లనా, వేడి వల్లనా అని చెప్పగలిగేవాడిని ఒక దిక్కు, చెడిన పోతలు మోసేవాడిని ఒక దిక్కు నిలబెడతారు. ఫస్టియర్ వర్క్‌షాప్‌లో నన్ను నిలబెట్టినట్టే.

మీరు అడగబోయేది నాకు తెలుసు. "అన్నా, ఇప్పుడు అంతా కంప్యూటరే కదా, త్రీడీ ప్రింటరే ప్యాటర్న్ చేస్తుంది కదా" అని. చేస్తుంది. కానీ 150 అని కొడితే 150కే చేస్తుంది. 158 అని కొట్టాల్సింది మీరు. వాలు ఎంతో, ప్యాటర్న్‌ని ఎక్కడ రెండు ముక్కలు చెయ్యాలో, లోహం ఎటు నుంచి పారాలో చెప్పాల్సింది మీరు. చేత్తో ఒక్కసారి పోత చెడగొట్టుకున్నవాడికి ఆ లెక్క తప్పదు.

"సాఫ్ట్‌వేర్‌లో జీతం ఎక్కువ కదా" అంటారు. వస్తే పోండి, ఎవరూ ఆపరు. మెకానికల్ తీసుకుని, సాఫ్ట్‌వేర్ రాక, మెకానికల్ చేత్తో తెలియక, రెంటికీ చెడి ఇంట్లో కూర్చున్న మన పిల్లల గురించే నా బాధ.

ఇంకొక మాట దాచకూడదు. ఫౌండ్రీ పని సుకుమారం కాదు. పొడి ఇసుక దుమ్ము ఏళ్ళ తరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది, అది నయం కాదు. నైలాన్ బట్టల మీద నిప్పురవ్వ పడితే ఒంటికి అతుక్కుంటుంది. కాబట్టి మాస్కు, కళ్ళద్దాలు, తోలు బూట్లు, నూలు బట్టలు లేకుండా పొయ్యి దగ్గరికి పోవద్దు. మా సార్ చూపించకపోయినా పెద్దాయన మొదటి రోజే చూపించినాడు. అవి అడగడం పిరికితనం కాదు, హక్కు.

అందుకే మిమ్మల్ని నాలుగు పనులు చెయ్యమంటున్నా.

ఒకటి, ఫౌండ్రీ తరగతిలో పనులు వంతులేసుకోండి. ఈ వారం దంచినవాడు వచ్చే వారం కొలవాలి. కొలిచినవాడు దంచాలి. ఆడపిల్లలు రికార్డు దగ్గర ఆగిపోకూడదు. మా బ్యాచ్‌లో పొయ్యి దగ్గర అందరికంటే స్థిరంగా నిలబడింది ఒక సుగాలి చెల్లెలు.

రెండు, ప్యాటర్న్ ఒక్కటైనా మీ చేత్తో చెయ్యండి. ఎప్పటి నుంచో ఉన్న అరిగిపోయిన చెక్క ఇస్తే, దాని కొలతలు ఎందుకు అట్లా ఉన్నాయో అడగండి.

మూడు, ఏడాదికి ఒక్కసారైనా పొయ్యి వెలిగించి లోహం పొయ్యమని అందరూ కలిసి రాసివ్వండి. ఒక్కరు అడిగితే పొగరు అంటారు, బ్యాచ్ మొత్తం సంతకం పెడితే అది అర్జీ అవుతుంది. మా జూనియర్లు అట్లా రాసిచ్చినాకే ఆ పొయ్యికి బూజు దులిపినారు.

నాలుగు, ఇన్వెస్ట్‌మెంట్ కాస్టింగ్ గురించి రికార్డులో రాసేటప్పుడు ఉషేగావ్ ఓజాల పేరు రాయండి. మార్కులు తగ్గిస్తే ఎందుకు తగ్గించినారో అడగండి.

ఇంకా ఒక విషయం. పోయిన దసరాకు నాయన్ని ఆ చెనక్కాయల మిషన్ దగ్గరికి తీసుకుపోయినా. పుల్లీ తిరుగుతుంటే చాలాసేపు చూసినాడు. "ఇది నువ్వు దంచి చేసింటివా?" అన్నాడు. "దంచినా, లెక్క కూడా నేనే వేసినా" అన్నా. ఏం మాట్లాడలేదు. తిరిగొచ్చేటప్పుడు దారిలో మాత్రం, "ఆ లెక్క నీ చెల్లెలికి గూడా చూపీ" అన్నాడు.

వచ్చే వారం మీ వర్క్‌షాప్ ఉంటే, దిమ్మిస ఇస్తే తీసుకోండి. వెర్నియర్ కూడా అడిగి తీసుకోండి.